పేరు పెట్టి పిలవమనండి

ఏవండీ, అన్నం మూతపెట్టి ఉంచాను, వేడిచేసుకుని తినండి. నైట్ డ్యూటీ నుంచి వచ్చి మీరు పడుకున్నాక ఫోన్ మోగితే కంగారుపడకండి. పాప బడికి రాలేదని మెసేజ్ వస్తుంది. జుట్టు కత్తిరించాక బడి గేటు దగ్గర హాజరు వేసే కొత్త కెమెరా దాన్ని గుర్తుపట్టడం లేదు. కెమెరా లెక్కలో పిల్లంటే జడలేనేమో. మొన్న ఆ మెసేజ్ చూసి నేను కుట్టుమిషన్ వదిలేసి పరుగెత్తుకెళితే, మన పిల్ల మొదటి బెంచీలోనే కూర్చుని ఉంది.

సాయంత్రం బళ్లో మీటింగుకి మీరే వెళ్లండి. గొడవ పెట్టుకోకండి. బోర్డు తీసేసి టీవీలాంటి తెర పెట్టాక పాపకి లెక్కలు బాగానే అర్థమవుతున్నాయి, కాదనను. కానీ కెమెరా వచ్చాక హాజరు పిలవడం మానేశారు. పొద్దున ఒక్కసారి పేర్లు పిలవమని టీచరుగారిని అడగండి, చాలు.

అన్నట్టు, రాత్రి అన్నానికి పిలిస్తే మీ కూతురు లేచి నిలబడి "ప్రెజెంట్ టీచర్" అంది. నాకు నవ్వొచ్చింది. అది నవ్వలేదు.