చేవెళ్ల హోటల్ గోడ మీది ముఖం

హిమాయత్‌నగర్ గ్రామ కాపురస్తుడు, కీర్తిశేషులు మల్లప్ప కుమారుడు, బోర్డులూ బొమ్మలూ వేసి బతికే సాముయేలు అను నేను, వయసు నలభై ఎనిమిది, ఎవరి ఒత్తిడీ లేకుండా, తెలివిలో ఉండి రాసుకున్న వీలునామా. ఊపిరితిత్తులు పాడయ్యాయి, మతి మాత్రం బాగుందని డాక్టరు అన్నాడు. మతి బాగున్నవాడు బస్సు చప్పుడైతే చాలు మంచం దిగి రోడ్డు దాకా పోతాడా అని నేను ఆయన్ను అడగలేదు.

1. నేనుంటున్న రెండు గదుల పెంకుటిల్లు, సామాను సహా, మా అక్క ప్రేమమ్మకు సర్వహక్కులతో చెందాలి. నేను వేసే బొమ్మ కోసం వచ్చి కూర్చున్న మనిషికి అక్క ఒక్కనాడూ మంచినీళ్లివ్వలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. అయినా ఈ ఆరు నెలలుగా నాకు గంజి కాచి పోస్తున్నది అక్కే.

2. నిచ్చెన, కుంచెలు, రంగు డబ్బాలు ఉద్యమంలో గోడలు రాసే యువకులు తీసుకోవాలి. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా జై తెలంగాణ అని రాసినందుకు నన్ను సభలో పొగిడారు. తెలంగాణ రావాలని నాకూ ఉంది. కానీ నేను అన్ని ఊళ్లు తిరిగింది, బొమ్మకు కూర్చున్న ఆమె ఏ గడపలోనైనా కనిపిస్తుందేమోనని. ఆ పొగడ్త వెనక్కి ఇచ్చేస్తున్నాను.

3. ఆమె ఎవరో నాకు తెలియదు. రెండేళ్లపాటు, నెలకు రెండుసార్లు, చేవెళ్ల వైపు నుంచి వచ్చే బస్సు దిగేది. పేరు అడగొద్దు, బొమ్మ బయట పెట్టొద్దు అన్నది. చేటతో వడ్లు చెరుగుతున్నట్టు కూర్చునేది. ఎందుకు వస్తున్నావంటే నవ్వేది. నేను ఆమెను ప్రేమించాను.

నిరుడు కోత పండుగకు మా చర్చిలో అందరూ కొత్త వడ్లు, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి అర్పించారు. నేను నా చేతిపనిలో మేలైనదని ఆ బొమ్మ పట్టుకుపోయాను. దేవుడికిస్తే బయట పెట్టినట్టు కాదనుకున్నాను. ఆరాధన అయ్యాక అర్పణలన్నీ హర్రాజు వేసి, ఎక్కువ పాడినవాడికి ఇస్తారని నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. నలుగురూ మెచ్చుకోవాలన్న ఆశ, అంతే. చేవెళ్లలో హోటల్ నడిపే బాలప్ప పాడుకుని, గల్లాపెట్టె వెనక గోడకు తగిలించాడు.

వారానికి ఆమె వచ్చింది. కూర్చోలేదు. "నీకు పేరు చెప్పకపోతినని సంబురపడ్డ. మొకమే అందరికి చూపిస్తివి గద. మావోళ్లు ఆ హోటల్లనే చాయ తాగుతరు. ఇగ నేనెట్ల బతకాలె?" అని గుమ్మంలోనే అని వెళ్లిపోయింది. తర్వాత గొడవలు మొదలై బస్సులు నిలిచాయి. బస్సులు మళ్లీ నడిచాయి గానీ ఆమె రాలేదు.

4. ఎంత బతిమాలినా బాలప్ప బొమ్మ ఇవ్వడు. అందుకే నా ఇరవై గుంటల పొలం, ఆ బొమ్మ దించి ఇస్తేనే, బాలప్పకు చెందాలి. ఈ వీలునామా అమలు చేసే నా స్నేహితుడు, చిల్కూరు బడి పంతులు నర్సింహులు, బొమ్మ అందిన రోజే ముఖం మీద రెండు పూతలు రంగు వేయాలి. ఎవరైనా స్త్రీ వచ్చి బొమ్మ అడిగితే, పేరు అడగకుండా ఇచ్చేయాలి.

5. ఈ మారకం బతికుండగానే చేయొచ్చు గదా అని నర్సింహులు అడిగాడు. పొలానికి బాలప్ప ఒప్పుకుంటాడు కూడా. కానీ బొమ్మ చేతికొస్తే ఆ ముఖం చెరపాల్సింది నేనే. నా వల్ల కాదు. ప్రతి గురువారం దగ్గుకుంటూ చేవెళ్ల పోయి, గల్లా ఎదురు బల్ల మీద చాయ్ తాగుతూ గోడ మీది ఆమెను చూసి వస్తున్నాను. ఆమెకు ఇంట్లో ఎంత నరకంగా ఉందో ఊహించగలను, అయినా పోతున్నాను. నేను ఎంత త్వరగా కన్నుమూస్తే ఆమెకు అంత మేలు. ఈ ఒక్క గురువారం గడవనివ్వండి.

1969 నవంబర్ 3, సోమవారం, హిమాయత్‌నగర్.

చేవ్రాలు: సాముయేలు

సాక్షులు:
సంగయ్య, మొయినాబాద్
సాలోమోను, చర్చి పెద్ద, హిమాయత్‌నగర్