స్మాల్ పక్కన మాట

భావనపాడు,
9 నవంబరు 2003

ప్రియమైన దుర్గమ్మకి,

అయ్య దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. ఆ ముక్క ముందే రాసేస్తే మిగతాది నిమ్మళంగా రాసుకోవచ్చు. నాది అయిదో తరగతి చదువు కదా, పుస్తకాల భాషలో రాయబోతే చెమటలు పడుతున్నాయి. నవ్వకు.

నిన్న పెద్దవల లాగాం. ముప్పై మంది లాగితే నాలుగు తట్టల కవ్వ చేపలు పడ్డాయి. "ఇసక లాగినా ఇంతకన్నా బరువొచ్చును" అని మీ అమ్మ దెప్పింది.

నీతో ఒక పని పడింది. మన పేట కొండబాబు కొత్త వల కొన్నాడు. దాని సంచి మీద ఇంగ్లీషులో "స్మాల్" అని ఉందట. దాని అర్థం కనుక్కుని రాయి. ఒకటి కాదు, ఎన్ని అర్థాలుంటే అన్నీ రాయి.

ఈసారి నొప్పుల బిళ్ళలు కొనకు. ఇంట్లో ఉన్నాయి. ఈ ఉత్తరం గంగమ్మ అత్త ఎండుచేపల గంపలో తెస్తుంది. వాసన వస్తే నా తప్పు కాదు.

ఆశీస్సులతో,
మీ అయ్య పైడయ్య

•

టెక్కలి,
13 నవంబరు

ప్రియమైన అయ్యకి,

నీ దుర్గ నమస్కారాలు. ఉత్తరం కన్నా ముందు వాసన చేరింది. హాస్టల్లో నా పక్క మంచం రూప ముక్కు మూసుకుంది, నాకైతే ఆకలేసింది.

వల సంచి మీద మాటకి ఇంత ఆరాటమా! సరే, రాసుకో. స్మాల్ అంటే చిన్నది. స్మాల్ సైజు చొక్కా అంటే నీకు పట్టనిది. ఇంగ్లీషులో పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు ఉంటాయి, ఆ చిన్నబడివి స్మాల్ లెటర్లు. పోస్టాఫీసులో చిన్న మొత్తాల పొదుపుని స్మాల్ సేవింగ్స్ అంటారు. స్మాల్ పాక్స్ అంటే మశూచి. ఎవరైనా నలుగురిలో మనని తీసిపారేస్తే "ఫీలింగ్ స్మాల్" అనుకోవాలట.

లిటిల్ అన్నా చిన్నదే. కానీ అందులో ముద్దు ఉందనీ, స్మాల్‌లో కొలతే తప్ప ముద్దు లేదనీ మా ఇంగ్లీషు మాస్టారు భానుమూర్తిగారు చెప్పారు. కాబట్టి నేను లిటిల్, కొండబాబు మావ వల స్మాల్.

బిళ్ళలు వద్దంటావు, వారం తిరక్కుండా నడుం పట్టుకుంటావు. నీ సంగతి నాకు తెలియదా? రెండు అట్టలు పంపుతున్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మానకు.

నీ లిటిల్,
దుర్గ

•

భావనపాడు,
16 నవంబరు

ప్రియమైన దుర్గమ్మకి,

నువ్వు రాసినవన్నీ నాలుగుసార్లు చదివాను. ఇన్ని రాశావు, ఇందులో మనసుకి బాగుండే అర్థం ఒక్కటీ లేదేమిటమ్మా?

ఇంకొకటి అడుగుతాను. ఒకసారి స్మాల్ అయిపోయింది, మంచి తిండి తిని మందు వేస్తే మళ్ళీ పెద్దదవుతుందా? మాస్టారిని అడిగి రాయి. కొండబాబు తొందర పెడుతున్నాడు.

బిళ్ళలు అందాయి. ఇంక వద్దు.

అయ్య

•

టెక్కలి,
20 నవంబరు

ప్రియమైన అయ్యకి,

వల సంచి ఎక్కడైనా తిండి తింటుందా? మందు వేసుకుంటుందా? నీకు అబద్ధం చెప్పడం చేతకాదు, అయ్యా. ఎందుకొచ్చిన తిప్పలు?

గంగమ్మ అత్తని నిలదీశాను. చేపలు సర్దుతున్నట్టు తల వంచుకుని చెప్పింది. "మీ అయ్య దసరా కాణ్ణుంచి వల ముట్టనేదమ్మా. కాళ్ళు సూడాల, పొంగిపోనాయి. నాను సెప్పినట్టు సెప్పకు." మరి నాలుగు తట్టల కవ్వ చేపలు ఎవరు లాగారు?

మాస్టారిని అడిగాను. "ఆ మాట కొలత చెబుతుంది, అంతే. మంచో చెడో తేల్చేది పక్కనున్న మాట" అన్నారు. ఆ పక్క మాట నాకు కావాలి. అక్షరాలు రాకపోతే ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు గీసి పంపు. నాకు భయంగా ఉంది.

దుర్గ

•

భావనపాడు,
23 నవంబరు

దుర్గకి,

ఏమీ లేదు. పక్క మాట తడిసి చెరిగిపోయింది. గంగమ్మ నోటికి తాళం లేదు. పరీక్షలు చూసుకో. బిళ్ళలు పంపకు.

అయ్య

•

టెక్కలి,
4 డిసెంబరు

ప్రియమైన అయ్యకి,

ఈ వారం గంపలో నీ ఉత్తరం లేదు. చేపల అడుగున ఒక గుడ్డమూట ఉంది. విప్పితే బిళ్ళలు, రెండు నెలలవీ కలిపి నాలుగు అట్టలు. ఒక్కటీ చించలేదు. నీకు తెలియకుండా అమ్మ వెనక్కి పంపిందట.

పట్టుకెళ్ళి మా జువాలజీ మేడమ్ సూర్యకుమారిగారికి చూపించాను. మీది ఏ ఊరని అడిగారు. చెప్పగానే కుర్చీలో కూర్చుండిపోయారు. "ఆ ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ. మీ నాన్నగారి కిడ్నీలు చూపించారా? ఈ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే వాటికి చేటు" అన్నారు.

స్మాల్ పక్కన మాట అదే కదా, అయ్యా?

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మానకు అని రాసింది ఈ చెయ్యే. ప్రతి నెలా షాపుకి నడిచి వెళ్ళి, మా అయ్యకి నొప్పి తగ్గించేస్తున్నానని మురిసిపోయాను. రెండు రోజులుగా అన్నం ముద్ద దిగడం లేదు. ఇంక దాచావంటే పెట్టె సర్దుకుని వచ్చేస్తాను.

నీ దుర్గ

•

భావనపాడు,
7 డిసెంబరు

ఒలే దుర్గా,

ఇది మన మాటలోనే రాత్తన్నాను. పుస్తకం బాసలో రాత్తే అబద్దాలే వత్తన్నాయి.

అదే మాట. కిడ్నీలు రెండూ కుదించుకుపోనాయంట. పలాసలో స్కానింగు తీసినప్పుడే డాక్టరు తెలుగులో సెప్పీసినాడు. స్మాల్ అంటే ఏటో నాకు ఆ రోజే తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు ఆ మాటున్న స్కానింగు కాయితం నీ సేతిలో పడతాది. ఆ మాటకి ఇంకో మంచి అర్థం ఉంటే, అదే నీకు సెప్పి తప్పించుకుందావని అడిగినాను. నువ్వు రాసినదంతా ఎతికినాను. దొరకనేదు.

బిళ్ళలు మానీమని డాక్టరు అన్నప్పుడు నాకు ముందు నువ్వే గుర్తొచ్చినావు. అందుకే దాసినాను. "వీటి వల్లేనా బాబూ?" అని అడిగితే, "మీ ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొత్తందో ఎవరికీ తెల్దు. బిళ్ళలు మాత్రం ఆపీ" అన్నాడు. ఇను. నువ్వు కొన్నది ఏడాదిన్నర. నాను మింగింది పద్దెనిమిదేళ్ళు, నువ్వు పుట్టక ముందునుంచి. పెద్దవల లాగినోడు బిళ్ళ మింగకుండా తొంగున్నాడా మన పేటలో? నా నొప్పి సూడనేక కొన్న సెయ్యి అది. దాన్ని తిడితే నాను ఊరుకోను. ముందు అన్నం తిను.

సదువు మానీసి వచ్చినావంటే తంతాను. గానీ గురువారం ఒక్క రోజు సెలవెట్టు. ఇసాపట్నం పెద్ద డాక్టరు కాడికి వెల్తన్నాం. పొద్దున్న ఆరింటికి టెక్కలి బస్టాండులో మీ అమ్మ నీ కోసం దిగుతాది. నాను బస్సులోనే ఉంటాను.

నాకూ బయ్యంగానే ఉందమ్మా. డాక్టరు ఇంగిలీసులో ఏటి రాసినా నువ్వే సదివి సెప్పాల. ఈసారి పక్క మాట ఇడిసిపెట్టకు.

నీ అయ్య,
పైడయ్య