మీరు పొగిడిన ఊరు

మెదక్,
3 నవంబరు 1947

ప్రియమైన రాహేలూ,

క్షేమంగా చేరాను. బెజవాడ స్టేషనులో రైలు కదిలేటప్పుడు నువ్వు ముఖం తిప్పుకుంటే, ఏడుస్తున్నావు కాబోలని లోపల సంతోషపడ్డాను. కంట్లో బొగ్గునలక పడితే నలుపుకుంటున్నావని మీ అమ్మగారు అరిచి మరీ చెప్పారు. సరే, ఆ సంతోషం అక్కడితో సరి.

పెళ్ళయి ఏడాది కావస్తోంది. ఇంకా నువ్వు మెదక్ అంటే అడవి అనే అంటావు. నీ తప్పు కాదు. అక్కన్నపేటలో రైలు దిగినవాళ్ళెవరికైనా ముందు అదే అనిపిస్తుంది. బస్సులో కునికిపాట్లు పడుతూ వస్తారు, వరి పొలాలు తప్ప ఏమీ ఉండవు. అంతలో పొలాల మీదుగా మన చర్చి గోపురం లేస్తుంది, అందరూ ఒక్కసారిగా ఒకే కిటికీ వైపు ఒరుగుతారు. మొన్న బస్సు చెడిపోయి బొంబాయి బట్టల వ్యాపారి ఒకడు ఇక్కడ చిక్కుకున్నాడు. మొదట ఈ ఊరిని తిట్టని తిట్టు లేదు. పొద్దుపోవడానికి నేనే చర్చిలోకి తీసుకెళ్ళాను. రంగుటద్దాల కిటికీల మీద ఎండ పడుతోంది. మనిషి టోపీ తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బస్సు బాగయిందని పిలిస్తే, సాయంత్రం బస్సుకు వస్తానన్నాడు. కరువు రోజుల్లో ఈ చుట్టుపక్కల జనానికి పనీ అన్నమూ దొరకాలని కట్టిన గుడి ఇది అని చెబితే నమ్మలేదు.

పక్కింటి దర్జీ చాంద్ సాబు కూడా నీ గురించి అడిగాడు. క్రిస్మస్‌కి పాటల బృందం వేసుకునే తెల్లగౌన్లు ఏటా ఆయనే కుడతాడు. "దుల్హన్‌ను ఎప్పుడు తెస్తవు మాస్టర్ సాబ్? ఇల్లు ఊడ్చెటోళ్ళు లేక బూజు పట్టింది" అంటున్నాడు. బూజు మాట నిజమే. వచ్చెయ్, రాహేలూ. ఒక్క వారం ఉండి చూడు, నచ్చకపోతే నేనే దిగబెడతాను.

నీ కోసం ఎదురుచూసే,
ప్రభుదాసు


బెజవాడ,
28 నవంబరు 1947

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం మా బడిలో పంతులమ్మలకు చదివి వినిపించాను. అంతా విని ఒకావిడ "ఇంతకీ మెదక్ ఎక్కడమ్మా?" అంది. ఇంకొకావిడ, నిజాం రాజ్యంలో రజాకార్లు మనుషుల్ని బతకనివ్వడం లేదట కదా అని నా చెయ్యి పట్టుకుంది. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. దాచారో, నిజంగానే మీ ఊళ్ళో ఏమీ లేదో నాకు తెలియాలి.

కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, మీ గోపురానికీ కిటికీలకీ పడిపోతానా? అయినా వస్తాననే అనుకోండి, ఎలా రాను? మొదటిసారి కాపురానికి వెళ్ళే పిల్ల తనంతట తాను వెళ్ళకూడదని అమ్మ పట్టు. మగడు గానీ, మగడి తరఫువాళ్ళు గానీ వచ్చి పిలుచుకుపోవాలి. మీకా తల్లీ తండ్రీ లేరు, తోబుట్టువులూ లేరు. కనుక మీరే దిగిరావాలి దొరగారూ. క్రిస్మస్‌కి సెలవు దొరికితే రండి. దొరకకపోతే ఆ బూజు మీరే దులుపుకోండి.

వేళకు తినండి. దగ్గు తగ్గిందో లేదో రాయండి.

మీ
రాహేలు


మెదక్,
23 డిసెంబరు 1947

ప్రియమైన మీకు,

పైన ఊరి పేరు చూశారా? నవ్వకండి. ఏడ్చి ఏడ్చి ఇప్పుడే ముఖం కడుక్కున్నాను.

క్రిస్మస్‌కి మా పాస్టరుగారి కుటుంబం మెదక్ చర్చి చూడ్డానికి బయలుదేరింది. "పిల్లను మేము అప్పగించి వస్తాం" అని పాస్టరమ్మగారు మాట ఇస్తే అమ్మ కరిగింది. మీకు చెప్పకుండా వచ్చి, మీ తలుపు నేనే కొట్టాలని సరదాపడ్డాను. తీరా చూస్తే తాళం! చాంద్ సాబు సూదీ దారం చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "అరె అమ్మా! మాస్టర్ సాబ్ నిన్ననే మిమ్ముల తెస్తనని బెజవాడ పోయిండు గదా! చాబీ నా కాడ్నే ఉంది. లోపటికి రాండ్రి, పరేషాన్ కాకుండ్రి" అన్నాడు. మీ రైలూ నా రైలూ ఖాజీపేటలో పక్కపక్కనే నిలబడి ఉంటాయి. మీరు ఆ కిటికీలోంచి తల బయటపెట్టి ఉంటే దొరికిపోయేవాళ్ళు.

పొద్దున చర్చికి వెళ్ళాను. ఒప్పుకుంటున్నాను. మీరు చెప్పినదాంట్లో సగం కోతలనుకున్నాను. అంత పెద్ద గుడిలో చెప్పులు విప్పి నడుస్తుంటే నా అడుగుల చప్పుడు నాకే వినపడలేదు. కిటికీల నీలం, ఎరుపు నేలమీద పరుచుకుని ఉన్నాయి, వాటిని తొక్కడానికి మనసొప్పక చుట్టూ తిరిగి వెళ్ళాను. చాంద్ సాబు భార్య మదార్‌బీ వేడి జొన్నరొట్టె తెచ్చి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది. అక్కడ ఒక్క రోజు కూడా ఉండకుండా తిరిగి రైలెక్కండి.

ఇంట్లో బూజు దులిపేశాను.

మీ
రాహేలు


బెజవాడ,
6 జనవరి 1948

ప్రియమైన రాహేలూ,

నన్ను గుమ్మంలో చూసి మీ అమ్మగారు నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళివ్వడం కూడా మరిచిపోయారు. ఆ రోజు నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

నీ ఉత్తరం అందగానే బయలుదేరాను. మధిర స్టేషనులో మా బడి పంతులు గాబ్రియేలు కనబడ్డాడు. వాడు ఇటు వస్తున్నాడు. నన్ను రైల్లోంచి కిందికి లాగాడు. "ఎటు పోతున్నవురా? పోలీసులు బడికొచ్చి నిన్నడిగిండ్రు. ఆగస్టుల పిల్లగాండ్ల చేతికి జెండాలిచ్చినవని ఎవడో చెప్పిండు. అక్కన్నపేట్ల దిగంగనే పట్టుకుంటరు" అన్నాడు. నిజాం సర్కారు వద్దన్నా, ఆగస్టు పదిహేనున పిల్లల చేతికి కాగితపు మూడురంగుల జెండాలిచ్చిన మాట నిజం. అది ఇంత దూరం వస్తుందనుకోలేదు. నీకు చెబితే భయపడి అసలు రావని చెప్పలేదు. ఊరిని పొగిడాను గానీ, ఊరి మీద పడుతున్న ఆపద సంగతి దాచాను.

తిరిగి బెజవాడ వచ్చేశాను. పాస్టరుగారి వాళ్ళు ఇంకా అక్కడే ఉంటే వాళ్ళతో వచ్చెయ్. ఉత్తరాలు విప్పి చదువుతున్నారట, అందుకే ఇది మిషన్ ఆసుపత్రికి మందులు తెచ్చే మనిషి చేతికిస్తున్నాను. నువ్వూ అలాగే పంపు.

నీ
ప్రభుదాసు


మెదక్,
15 ఫిబ్రవరి 1948

ప్రియమైన మీకు,

రాలేను. దానికి కారణం రాయడానికి సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. దసరాకి మీరు వచ్చి వెళ్ళిన ఫలితం. జనవరిలో మంచం పట్టాను, మిషన్ దవాఖానాలో డాక్టరమ్మగారు చూశారు. "కాన్పయ్యేదాకా బస్సు కాదుగదా ఎడ్లబండి కూడా ఎక్కకూడదు. ఎక్కితే బిడ్డ దక్కదు" అన్నారు. పాస్టరుగారి వాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు.

పోలీసులు ఇంటికీ వచ్చారు. నేను మాట్లాడేలోపు చాంద్ సాబు వచ్చి, ఉర్దూలో ఏదో చెప్పి పంపించేశాడు. మీరు మాత్రం రావద్దు. వస్తే జైల్లో మిమ్మల్ని, ఇక్కడ నన్ను చూసేవాళ్ళుండరు. నేను కదలకూడదు, మీరు రాకూడదు. ఇంత మంచి ఊళ్ళో ఉన్నానే, మీరు పక్కన లేక దేన్నీ తృప్తిగా చూడలేకపోతున్నాను. మంజీర నది చూడాలని ఉందంటే మదార్‌బీ "బిడ్డ పుట్టినంక ఎత్తుకొని పోదాం, ఏడుపాయల దాంక పోదాం" అంటోంది.

దేవుడు మిమ్మల్ని కాచుగాక.

మీ
రాహేలు


మెదక్,
12 జూన్ 1948

ప్రియమైన మీకు,

ఏప్రిల్లో రాసినదానికి జవాబు లేదు. అందిందో లేదో.

పొద్దు గూకకముందే బజారు కట్టేస్తున్నారు. హవేలిఘనపూర్ నుంచి ధాన్యం బండ్లు రావడం లేదు. నాకు భయం వేసే సంగతి ఒకటి రాయాలి. చాంద్ సాబు దుకాణం నిండా ఖాకీ గుడ్డ ఉంది. రజాకార్ల బట్టలు కుడుతున్నాడు. వాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చుని కొలతలిస్తున్నారు. అప్పటినుంచి ఆయన మన గుమ్మం తొక్కలేదు. మదార్‌బీనీ రానివ్వడం లేదు. ఎదురుపడి అడిగితే తల వంచుకుని "జర పనుందమ్మా" అని వెళ్ళిపోయాడు. మీ సంగతంతా తెలిసిన మనిషి. వాళ్ళతో ఒక్క మాటంటే చాలు.

వీధి తలుపుకి గడియ వేసి, దానికి రుబ్బురోలు అడ్డం పెట్టి పెరటి దారిన వెళ్ళమని చాకలామెను బతిమాలాను. నెలలు నిండుతున్నాయి. ఎవరిని నమ్మాలో తెలియడం లేదు.

మీ
రాహేలు


బెజవాడ,
20 ఆగస్టు 1948

ప్రియమైన రాహేలూ,

నీ జూన్ ఉత్తరం మొన్న అందింది. ఆ తర్వాత ఏమీ లేదు. కాన్పయిందా? నువ్వెలా ఉన్నావు? బాబా, పాపా? మందుల మనిషి రాకపోయేసరికి మీ అమ్మగారు రోజూ పోస్టుమానును ఆపి అడుగుతున్నారు, ఆయన మా వీధి మానేసి పక్క వీధి గుండా పోతున్నాడు.

సరిహద్దు దగ్గర క్యాంపులో కాందిశీకుల పిల్లలకు చదువు చెబుతున్నాను. క్యాంపు నడిపే కాంగ్రెసువాళ్ళు ఊరూరి మనుషుల్ని కూర్చోబెట్టి, మీ దగ్గర రజాకార్లకు సాయపడుతున్నది ఎవరని అడుగుతున్నారు. రేపు యూనియన్ సైన్యం వస్తే వాళ్ళ సంగతి చూస్తారట. నేను చాంద్ సాబు పేరు చెప్పాను. నా చేత్తో ఇంటి తాళం ఇచ్చిన మనిషి, నా భార్య నెలలతో ఉండగా పక్కింట్లో కూర్చుని వాళ్ళకు బట్టలు కుడతాడా? ఎనిమిది నెలలుగా నీ కోసం ఏమీ చేయలేక చేతులు కట్టుకు కూర్చున్నాను. ఆ ఒక్క పని చేయగలిగాను, ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది.

తాళం మార్పించు. వాళ్ళింటి నీళ్ళు కూడా ముట్టకు. ఎక్కువ రోజులు పట్టదని అంటున్నారు.

నీ
ప్రభుదాసు


మెదక్,
10 అక్టోబరు 1948

ప్రియమైన మీకు,

ఆగస్టులో మీరు రాసిన ఉత్తరం, మొన్న రైళ్ళూ దారులూ తెరిచాక నిన్న వచ్చింది. దాన్నిబట్టి జూలైలో నేను రాసింది మీకు చేరలేదని తెలిసింది. అందులో రాసినదంతా మళ్ళీ రాస్తున్నాను.

మనకు బాబు. మీ నుదురు, మా అమ్మ ముక్కు. ఏడుపు మాత్రం ఎవరిదో తెలియదు, వీధంతా వినబడుతుంది.

జూలైలో జడివాన పడుతుండగా నొప్పులు మొదలయ్యాయి. ఆ వానలో ఏ బండీ రాదు, ఇంట్లో నేనొక్కదాన్నే. నా అరుపులు విని చాంద్ సాబు, మదార్‌బీ తలుపు బద్దలుకొట్టి వచ్చారు. తోపుడు బండి మీద నన్ను పడుకోబెట్టి, పైన టార్పాలిన్ కప్పి మిషన్ దవాఖానాకు తోసుకుపోయారు. బజారు మూల మీద రజాకార్లు ఆపారు. ఆ పంతులు పెళ్ళాం కదా అన్నాడొకడు. చాంద్ సాబు బండికి అడ్డం నిలబడ్డాడు. "నా చెల్లె. మీ బట్టలు కుట్టేటి చేతులివి. ఈ పొల్లకేమన్నయితే మళ్ళ సూది పట్టవు" అన్నాడు. వాళ్ళు పక్కకు తప్పుకున్నారు. కుట్టకపోతే దుకాణం తగలబెడతామన్నారట, అందుకే కుట్టాడు. వాళ్ళ కళ్ళు తన వెనకే మన గుమ్మం దాకా వస్తాయని మనింటి వైపు రావడం మానేశాడు. నాకు చెబితే ఇంకా జడుసుకుంటానని చెప్పలేదు. మీరు జెండాల సంగతి చెప్పనట్టే.

సెప్టెంబరులో సైన్యం వచ్చినప్పుడు బాబును ఎత్తుకుని నేనూ రోడ్డు మీదకెళ్ళి చేయి ఊపాను. ఇక మీరు వచ్చేస్తారనే సంతోషం తప్ప నాకేమీ తోచలేదు. ఆ వారంలోనే చాంద్ సాబును పట్టుకుపోయారు. దుకాణంలో మిగిలిన ఖాకీ ముక్కలన్నీ వీధిలో పోసి చూపించారు. నేను వెంటపడ్డాను. "పేరు ఎప్పుడో వచ్చిందమ్మా, మీ మిషన్ బడి పంతులే చెప్పాడు" అన్నారు. పొరపాటు పడ్డారని గొడవపడ్డాను. మా ఆయన అలాంటివాడు కాదని నడిరోడ్డు మీద అరిచాను. నిన్న మీ ఉత్తరం చదివాను.

మిమ్మల్ని తిట్టాలనే కాగితం తీశాను. కానీ ఆ జూన్ ఉత్తరం రాసింది నేనే కదా. ఒక్క నెల ఆగి రాసినా, జూలైది అందినా, ఇలా జరిగేది కాదు. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో కూడా తెలియక కూర్చున్నాను.

రోజూ ఇక్కడి సైన్యం క్యాంపుకి వెళుతున్నాను. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే, కుర్చీ వేయిస్తాడు. మొన్న చర్చి చూసి వచ్చి, ఇంత అందమైన ఊరుందని తనకెవరూ చెప్పలేదని మెచ్చుకున్నాడు. చాంద్ సాబు మాట ఎత్తితే మాత్రం, "భర్త ఒకటి చెప్పాడు, భార్య ఒకటి చెబుతోంది. ఆయన్నే వచ్చి చెప్పమనండి" అంటాడు. మీరు వచ్చి చెప్పినా ఏమవుతుందో తెలియదు. ఆయన్ని ఇక్కడినుంచి ఎక్కడికో తరలించారు. ఒకరు హైదరాబాదంటారు, ఒకరు బీదరంటారు. బతికే ఉన్నాడా అని అడిగితే జవాబు చెప్పరు.

వెంటనే రండి. నన్ను తీసుకెళ్ళడానికి కాదు. ఆయన జాడ తెలిసేదాకా నేను ఈ ఊరు కదలను.

ఒక మాట ముందే చెప్పాలి. దుకాణం, ఇల్లూ దోచుకుపోయారు, మదార్‌బీ మనింట్లోనే ఉంటోంది. నేను క్యాంపుకి వెళితే బాబు ఆమె ఒళ్ళోనే ఉంటాడు. మీరు చేసింది ఆమెకు తెలియదు. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను, నా వల్ల కాలేదు. ఏ బస్సు చప్పుడు వినబడ్డా ఆమె బాబును చంకనేసుకుని గుమ్మంలోకి వెళ్ళి నిలబడుతుంది. "మాస్టర్ సాబ్ రాని. నా మనిషి ఎసుంటోడో ఆయన కంటె ఎక్కువ ఎవలకెరుక? ఆయనొక్క మాట చెప్తె ఇడిచిపెడ్తరు" అంటుంది.

మీరు వచ్చేసరికి తలుపు తీసేది ఆమే. మీ కొడుకును మొదట మీ చేతుల్లో పెట్టేదీ ఆమే.

మీ
రాహేలు