ఎర్ర పీలిక కట్టిన పసుపు మొక్క గురించి

పసుపు పరిశోధన కేంద్రం అధికారి గారికి, ఆర్మూరు మండల రైతు రాజేశ్వర్ కూతురు, వ్యవసాయ డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని పూజిత వ్రాసుకొను అర్జీ.

విషయం: దుంపకుళ్లును తట్టుకునే మొక్క మా చేతులతోనే నాశనమైనందున, దాని తోబుట్టువులకు జన్యు పరీక్ష చేయించుట గురించి.

అయ్యా,

1. మొన్నటి వానాకాలం దుంపకుళ్లుతో మా చేలో ఒక మూలంతా వాడిపోగా, అక్కడ ఒక్క మొక్క పచ్చగా నిలిచింది. తమ సిబ్బంది శ్రవణ్‌కుమార్ గారు దాని ఆకు ముక్కను పరీక్షకు తీసుకుని, గుర్తుగా ఎర్ర పీలిక కట్టి వెళ్లారు. "దానికేమన్న జీన్లు ఎక్కిస్తున్నరా?" అని ఊళ్లో అడిగారు. ఏమీ ఎక్కించరని, మొక్క దగ్గర ఉన్నదేమిటో దాన్నే అడిగి తెలుసుకుంటారని అందరికీ చెప్పాను. ఆ మాటలు చెప్పడం నాకెంతో ఇష్టంగా ఉండేది.

2. మా దగ్గర రోగం తగిలిన మొక్కకు పీలిక కట్టడం ఆనవాయితీ, దాని కొమ్ములు విత్తనంలో కలవకూడదని. తవ్వకం నాటికి ఆకులన్నీ ఎండి పీలిక ఒక్కటే గుర్తుగా మిగులుతుంది; సార్ కట్టింది దేనికో ఇంట్లో చెప్పడం మరిచాను. తవ్వకం రోజు నేను కాలేజీలో పరీక్ష రాస్తున్నాను. కూలికి వచ్చిన ఎస్తేరమ్మ, "రోగపు మొక్కకు పెండ్లిపిల్ల లెక్క ఎర్ర పీలికేందవ్వా?" అని నవ్విందట. "నవ్వుడు ఆపి జర గదాన్ని ముందుగాల కడాయిల ఎయ్" అన్నది మా నానమ్మ నీలవ్వ. విత్తనం పాడుకావద్దని ఆమె ఆరాటం. అమ్మే పసుపును కడాయిలో ఉడకబెట్టి ఆరబెడతాం; ఉడికిన కొమ్ము మొలవదు.

3. అవి కళ్లంలో విడిగా ఆరుతుండగానే తమ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. ఆ మొక్కలో తట్టుకునే గుణం ఉన్నదని, విత్తనం పంపమని. స్పీకర్‌లో నానమ్మ కూడా విన్నది. "అంటే మంచిదాన్నే ఉడకబెట్టిన్నా బిడ్డా?" అని అడిగింది.

4. తమ ఫ్రిజ్‌లోని ఆకు ముక్క నుంచి మళ్లీ మొక్క రాదని చదువుకున్నాను. అయినా ఏదైనా దారి ఉందేమోనని అడుగుతున్నాను.

5. అదే విత్తనాన్ని ఏర్గట్లలో మా మేనత్త స్వర్ణ కూడా నాటింది. ఆమె కొమ్ములు ఇంకా నీడలో భద్రంగా ఉన్నాయి. ఆ గుణం వాటిలో దేనికైనా ఉండవచ్చు. పరీక్షల గడువు ముగిసిందని తమ కార్యాలయంలో అన్నారు. తొలకరికి ఆమె వాటిని విత్తనానికి అమ్మేస్తుంది. ఆ తర్వాత ఎవరి చేలో వెతకాలి?

కావున పై సంగతులు చిత్తగించి, గడువును ఒక్కసారి సడలించి, ఆ కొమ్ములను పరీక్షింపజేయవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
పూజిత

తా.క.: సార్, ఆ ఉడికిన కొమ్ములను నానమ్మ అమ్మనివ్వలేదు. పెరట్లో నాటింది. రోజూ నీళ్లు పోస్తోంది. "అవి మొలవవు నానమ్మా" అన్నాను. "నాకు తెల్వదా బిడ్డా" అని, చెంబు ముంచుకుని మళ్లీ వాటి దగ్గరికి పోయింది.