పరుపుల మధ్య పాడిన పాట

సుబ్బారావు అంకుల్,

ఈ రోజు మ్యూజిక్ కంపెనీ కాగితాల మీద సంతకం పెట్టాను. అమ్మ తర్వాత చెప్పాల్సింది మీకే. మీరు పోయి ఏడాదైంది కాబట్టి ఇలా రాస్తున్నాను.

ఎల్బీ నగర్‌లో మా కిరాయి గది బస్సుల రోడ్డు మీదే ఉండేది. ర్యాప్ రికార్డు చేద్దామంటే ప్రతి లైనులో ఒక హారన్ పడేది. ఫోన్‌లో అది విని మీరు నవ్వి, తెలంగాణ బంద్ రోజున మీ పరుపుల దుకాణానికి రమ్మన్నారు. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ అంతా మూగబోయింది. దుకాణంలో పరుపులను నా చుట్టూ నిలబెట్టి, షట్టర్ సగం దించి, ఇంటి నుంచి తెచ్చిన టీ ఫ్లాస్కుతో బయట కూర్చోబోయారు.

నాది తెలంగాణ పాట, మీది తెనాలి. నేను నసుగుతుంటే, "మమ్మల్ని తిట్టినా పర్లేదురా, ఊపిరి తీసుకుంటూ తిట్టు" అని షట్టర్ పూర్తిగా దించేశారు.

ఆ పాటే బ్లూటూత్‌లో ఫోన్ నుంచి ఫోన్‌కు పాకి, కంపెనీ దాకా వెళ్లింది.

సంతకం అయ్యాక స్టూడియోలో పాటను శుభ్రం చేస్తున్న కుర్రాడు, "ఆఖర్ల ఎవరో పెద్దాయన మాట పడ్డదన్నా, తీసేస్త" అన్నాడు.

"ఇంకేదన్న తీసెయ్ తమ్మీ, గదొక్కటి ఉండనీ" అన్నాను.

రేపటి నుంచి ఆ పాట ఎవరు విన్నా, చివర్లో షట్టర్ లేస్తుంది. మీరు అడుగుతారు: "అయిందా నాన్నా? టీ చల్లారిపోతోంది."