వెనక పోర్షన్ చూసి పంచిన వాటాలు

నా కొడుక్కి, కూతురికి, ఈ కాగితం చదవవలసిన అధికారులకు తెలియజేయునది.

డెబ్బై నాలుగేళ్ల నేను, ముప్పై ఏళ్లు కుళాయి సామాన్ల కొట్టు నడిపి, ప్రస్తుతం నా సొంత మేడలో కింది అంతస్తు వెనక పోర్షన్‌లో కాపురముంటూ, ఇవాళ ఏ వారమో, మేడకు ఎన్ని మెట్లున్నాయో, మెయిన్ వాల్వు ఎటు తిప్పితే నీళ్లు ఆగుతాయో పూర్తిగా తెలిసిన స్థితిలో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. ఇంతకుముందు రాసినది రద్దు. అందులో యావదాస్తీ మా అబ్బాయి పేరున పెట్టాను. నాకు మతి సరిగ్గా ఉందని అప్పుడూ రాయించుకున్నాను. అది మాత్రం అబద్ధం.

1. ఆస్తి వివరం: మూడంతస్తుల మేడ, అంతస్తుకు రెండు పోర్షన్లు. ఇది పూర్తిగా నా స్వార్జితం. మొదటి రెండు గదులు కొట్టు మీద వచ్చినదానితో కట్టాను. మా ఆయన వాటా సలహాలు. ఆయన పోయి పన్నెండేళ్లయింది గానీ ఆ సలహాలు బంధువుల నోట ఇంకా వినబడుతూనే ఉన్నాయి.

2. ఊరి చివర స్థలంలో నా సగభాగం మా మరిదికి చెందవలెను. ఈ స్థలం కొన్నది బ్రోకరు మాట మీద. "ఆర్నెల్లలో ఇటే రోడ్డొస్తుందమ్మా, కళ్లు మూసుకుని కొనేయండి" అన్నాడు. నేనూ మా మరిదీ నిజంగానే కళ్లు మూసుకుని చెరిసగం కొన్నాం. రోడ్డు వచ్చింది, కాలువకు అవతల. స్థలంలోకి దారెటో ఒక్కసారి నడిచి చూసి ఉంటే తెలిసిపోయేది. ఎండగా ఉందని కారు కిటికీలోంచి చూసి తలూపాం. నడిచి చూడకుండా కొన్నదాన్ని పెట్టుబడి అని ఎవడైనా అంటే వాడికి కాఫీ కూడా పోయకండి. ఆ రోడ్డు కోసం ఇప్పటికీ ఎదురుచూసే ఓపిక మా కుటుంబంలో మా మరిది ఒక్కరికే ఉంది కాబట్టి నా సగం కూడా ఆయనకే ఇస్తున్నాను.

3. పై అంతస్తు రెండు పోర్షన్లు మా అబ్బాయికి, ఆరో అంశంలో రాసిన షరతు తీరిన తర్వాత మాత్రమే.

మా అబ్బాయి ఇళ్ల మీద రాబడి గురించి చాలా చదువుకున్నాడు. కంప్యూటర్‌లో గళ్లు గీసి, రంగులు వేసి, ఏ పోర్షన్ ఎంత తెస్తుందో చూపిస్తాడు. మరమ్మతులకూ ఒక గడి ఉంది. అందులో సున్నా ఉంది. ఇదేమిట్రా అంటే "అవి రోజూ రావు కదమ్మా" అన్నాడు. కుళాయిలమ్మిన ఇంట్లో పుట్టి పెరిగినవాడు అన్న మాట అది! ఏ మొహం పెట్టుకుని ఇంకొకరికి చెప్పుకోను?

వాడి ప్రశ్నలకు ఇక్కడే జవాబు రాయిస్తున్నాను. మళ్లీ అడిగితే చెప్పడానికి నేనుండను. ఏటా అద్దె ఎంత పెంచాలి? ఆ ఏడాది ఇంటికి ఏం చేయించావో అద్దెకున్నవాళ్ల ఎదుట నిలబడి చెప్పగలిగినంత. పోర్షన్ ఖాళీ పడితే? సున్నం కొట్టించు, తలుపు బందులు బిగించు, నోరు మూసుకుని ఆగు. కంగారుపడి ఎవడికో ఇచ్చి ఏడాదంతా ఏడవడం కంటే రెండు నెలలు తాళం వేసి ఉంచడం నయం. ఒప్పందం రాసుకోవాలా? తోడబుట్టినదానికి ఇచ్చినా సరే రాసుకో. అప్పు తెచ్చి ఇంకో మేడ కొనొచ్చా? ముందు ఈ మేడకు సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుందో చూపించు, ఆ తర్వాత ఆలోచించు.

4. మధ్య అంతస్తు, కింది అంతస్తు మా అమ్మాయికి. అన్నకు రెండు పోర్షన్లు, చెల్లెలికి నాలుగా అని గోల చేసేవాళ్లు చేయండి. చిన్నప్పుడు కొట్లో నా పక్కన నిలబడి పైపు పట్టుకున్నది అది. వీడు గల్లాపెట్టె దగ్గర కుర్చీలో కూర్చునేవాడు.

దానికే నా పెద్ద పైపు పానా కూడా. పిడి ఒరుసుకుని నా అరచేయి కాయలు కాస్తోందని, బడికి కట్టుకెళ్లే రిబ్బను విప్పి ఆ పిడికి చుట్టింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. రిబ్బను పాడు చేశావని తిట్టాను. నిజానికి ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను తల్లీ.

ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లలో ముందు కుళాయి తిప్పి చూసేవాళ్లకు ఇవ్వు, వాళ్లు ఉండటానికి వచ్చినవాళ్లు. టీవీ ఏ గోడకు పెట్టాలో కొలిచేవాళ్లకు తర్వాత చెప్తానని చెప్పు.

5. ఇక వెనక పోర్షన్. పదకొండేళ్లు అందులో అద్దెకున్నది ఒక దర్జీ ఆవిడ. కుట్టుమిషను, మంచం, నిలువుటద్దం, అంతే ఆవిడ సామాను. మంచం పట్టే చోటు పడమటి గోడ పక్కనే. ఆ గోడ ఏడాది పొడుగునా చెమ్మ. చేరిన కొత్తలోనే వచ్చి "గోడకానుకుంటే జాకెట్టు తడుస్తోందమ్మా" అంది. "అయితే ఆనుకోకు" అన్నాను. మరుసటి ఏడు రంగు వేయించాను. ఆ తర్వాతి ఏడూ రంగే. ఈ గోడ తత్వమే అంత అని నమ్మించాను.

గోడ తత్వం కాదు, నా తత్వం. ఆ గోడలో ఉన్న పైపు, పగుళ్లున్నాయని కొన్నవాళ్లు తిరిగి తెచ్చిచ్చిన సరుకు. పారేయడానికి మనసొప్పలేదు. వెనక పోర్షనే కదా, ఎవరు చూడొచ్చారని గోడలో పెట్టించాను. మేస్త్రి వద్దన్నాడు. నాకు పైపుల గురించి చెప్పొచ్చేవాడివా అని వాడికి గడ్డిపెట్టాను. ఊరందరికీ మంచి పైపు ఏరి ఇచ్చినదాన్ని, నాకు అద్దె కట్టే మనిషి తలాపున చిల్లుల పైపు పెట్టాను.

మొన్న వేసవిలో ఆవిడ ఊపిరాడక ఆసుపత్రిలో చేరింది. బట్టలు తీసుకెళ్లడానికి తాళం తీసి, కాళ్లు పీకి కాసేపు ఆ మంచం మీద కూర్చుని గోడకు ఆనుకున్నాను. లేచేసరికి వీపంతా తడి. పదకొండేళ్లలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

ఆవిడ తిరిగి వచ్చేసరికి సామాను మార్పించాను. ఇప్పుడు మధ్య అంతస్తులో నా పోర్షన్‌లో ఆవిడ, ఇక్కడ నేను. వెంటనే గోడ పగలగొట్టించి బాగు చేయించుకోవచ్చు కదా అంటారు. ఒక వానాకాలమైనా ఉండి చూడకుండా బాగు చేయిస్తే అది కూడా రంగు వేయించినట్టే. "నలుగురూ ఏమనుకుంటారమ్మా" అని ఆవిడే హడలిపోయింది. నలుగురి సంగతి తెలియదు గానీ, మా అబ్బాయి నాకు మతి చలించిందనుకున్నాడు. మతి చలించిన మనిషి కాగితం చెల్లదని, పాతదే నిలుస్తుందని, అప్పుడు దర్జీ ఆవిణ్ణి వారంలో పంపేసి మేడను బిల్డరు చేతిలో పెట్టొచ్చని వాడి ఎత్తు. నేను బతికుండగానే బిల్డరు మనుషులొచ్చి టేపు పెట్టి వరండా కొలుచుకుపోయారు.

6. షరతు: నా తదనంతరం మా అబ్బాయి ఈ వెనక పోర్షన్‌లో, మంచం పడమటి గోడకు ఆనించి, ముప్పై రోజులు ఉండవలెను. ముప్పై ఒకటో రోజున గోడ పగలగొట్టి పైపు మార్పించవలెను. ఆ ఖర్చు వాటాలు తేలకముందే నా బ్యాంకు ఖాతా నుంచి పెట్టాలి. కాదంటే వాడి రెండు పోర్షన్లూ వాడి చెల్లెలివే.

దర్జీ ఆవిడ జీవించి ఉన్నంతకాలం మధ్య అంతస్తు ముందు పోర్షన్‌లో, పాత అద్దెకే, ఎవరి అడ్డూ లేకుండా ఉండవలెను. ఊరికే ఉండమంటే ఒప్పుకోలేదు. నాకంటే పౌరుషమున్న మనిషి.

7. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా అమ్మాయిది.

నా మతి విషయం. నిన్న మా అబ్బాయి ఒక డాక్టరును పంపాడు. ఆయన ఈ గదిలోనే కూర్చుని వారం, నెల, సంవత్సరం అడిగాడు. వందలోంచి ఏడు చొప్పున తీసేయమన్నాడు, తీసేశాను. చివరికి "పైన అంత మంచి పోర్షన్ ఉండగా ఇక్కడెందుకున్నారమ్మా?" అన్నాడు. దర్జీ ఆవిడ సంగతి చెప్పి, గోడ మీద చేయి పెట్టి చూడమన్నాను. పెట్టాడు. రుమాలుతో అరచేయి తుడుచుకుని, ఇందులో ఆవిడ ఎన్నాళ్లుందని అడిగాడు. పదకొండేళ్లన్నాను. ఆ పదకొండేళ్లూ నా మతి ఎక్కడుందని మాత్రం ఆయన అడగలేదు.

చదివి వినిపించగా విని, సరేనని సంతకం చేస్తున్నాను.

2023 జులై 18, మంగళవారం ఉదయం.

(సంతకం) మేడ యజమానురాలు

సాక్షులు:
1. ఈ కాగితం రాసిన దస్తావేజు లేఖరి
2. మా అబ్బాయి పంపిన డాక్టరు