గరిటె పందెం

ఆగస్టు 1
చెబుతున్నది నేను, బిక్షమ్మను. రాస్తున్నది నా కోడలు ఉమారాణి. ఒక్క అక్షరం మార్చిందా, మర్యాద దక్కదు.
పోయిన నెల కడుపుబ్బి రెండుసార్లు దవాఖానకు పోయాను. నర్సు కృష్ణమ్మ, మొన్న పుట్టిన పిల్ల, నాకు తినడం నేర్పింది!
"అవ్వా, చాలని కడుపే చెప్తది. జర ఇను. గప్పుడే లేవాలె."
ఇంటికి రాగానే కోడలు పందెం కట్టింది. "పది రోజుల్ల మళ్ల కడుపుబ్బితే గరిటె నాకియ్యాలె, అత్తమ్మా."
నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో వడ్డించే చెయ్యి నాది. ఇస్తానా? ఎడమ డొక్క తట్టి గొర్రె మేసిందో లేదో చెప్పేదాన్ని. నా డొక్క నాకు తెలియదా!

ఆగస్టు 2
పొద్దున 9: జొన్నరొట్టె, ఒకటిన్నర. డొక్క తట్టాను. మెత్తగా ఉంది. లేచాను.
మధ్యాహ్నం 1: అన్నం, పచ్చిపులుసు. మళ్లీ తట్టాను. లేచాను. ఇంతే! దీనికో నర్సు, దానికో చదువు.
కోడలి మొహం వాడిన బచ్చలాకులా ఉంది.

ఆగస్టు 4
లేవబోతే కుండలో రెండు ముద్దలు మిగిలాయి. గంజితో పెరిగినదాన్ని, పారేస్తానా? తిన్నాను. కుండ ఖాళీ చేయడం తిండి లెక్కలోకి రాదు. రాయి ఉమా, రాదని.
"చాలని కడుపు జెప్పిందా, కుండ జెప్పిందా అత్తమ్మా?"
దీనికి నోరు పెరిగింది.

ఆగస్టు 5
పొద్దున: కొడుకు కురుమయ్య సగం రొట్టె వదిలి మంద తోలుకుపోయాడు. తిన్నాను.
మధ్యాహ్నం: పప్పుగిన్నె అడుగున అన్నం కలిపి తుడిచాను.
సాయంత్రం: డొక్క కాస్త గట్టిగా ఉంది. గాలి, అంతే!
కడుపు నాతో ఒక్క మాటా చెప్పలేదు. కృష్ణమ్మ అబద్ధాలకోరు.

ఆగస్టు 7, బోనాలు
పొట్టేలును కోశాం. పన్నెండు మంది చుట్టాలు. అందరికీ వడ్డించాను.
3 గంటలు: ఆఖరికి కూర్చున్నాను. తలకాయ కూర మిగిలింది.
"పక్కింటోళ్లకిద్దాం అత్తమ్మా."
"ఆళ్లింట్ల పొట్టేలు లేదా? మూస్కో!"
5 గంటలు: డొక్క డప్పైంది. మంచం. వాము నీళ్లు. కురుమయ్య వచ్చి నా డొక్క తట్టాడు. "జొన్నచేన్ల వడి మేసిన గొర్రె గిట్లనే ఉబ్బుతదే అమ్మా."
కన్నకొడుకు!

ఆగస్టు 8
గరిటె పోయింది. లాక్కుందని రాయి.
(లాక్కోలేదు. ఆమే ఇచ్చింది. - ఉమారాణి)
మధ్యాహ్నం 1: కొడుకు పక్కన నన్నూ కూర్చోబెట్టింది. ఇన్నేళ్లూ అందరూ తిన్నాక మిగిలిందే నా వంతు. కుండ అడుగు కనిపిస్తే నేను తిన్నట్టు. కడుపునెవరడిగారు?
కోడలు గరిటె ఆపింది. "ఇంకింత వెయ్యాల్నా, చాలా అత్తమ్మా?"
డొక్క తట్టుకున్నాను. చాలన్నాను.
కూరలో ఉప్పు లేదు, అందుకే అన్నాను. అదీ రాయి.

ఆగస్టు 9
2 గంటలు: వంటింట్లోకి తొంగి చూశాను. కోడలు ఒక్కతే కూర్చుని కుండ అడుగు గీకి గీకి తింటోంది.
"ఏందే, కడుపా నీళ్ల గాబా? డొక్క తట్టుకో!"
"మిగిలింది గద అత్తమ్మా, పారేస్తమా?"
నా మాటే నాకు అప్పజెప్పింది, తెలివిమంతురాలు! గరిటె లాక్కున్నాను. ఈసారి నిజంగానే లాక్కున్నాను, రాసుకో.
రేపు కొత్త పద్ధతికి మొదటి రోజు. ఇద్దరం ఒక్కసారే కూర్చుంటాం. నేను దాన్నడుగుతాను, అది నన్నడుగుతుంది. కుండలో మిగిలింది కుక్కకు. దాని కడుపు దానికి చాలని చెబుతుందో లేదో, ఆ కృష్ణమ్మే వచ్చి వినాలి.